నాలాగ నడిచే రెండో మనిషి

మా కొట్టుకొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం మా ఇంటా వంటా లేదు. చీర నచ్చకపోతే జాకెట్టు ముక్క, అదీ నచ్చకపోతే కనీసం ఓ జేబురుమాలు. రాజమండ్రిలో మాది చీరల వ్యాపారం. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, మడత చీరని ఒక్క విసురు విసిరితే పమిటచెంగు సరిగ్గా వచ్చినావిడ ఒళ్ళో వాలాలి. అది నా విద్య. ఆ విసురుకే సగం బేరం తెగిపోతుందని మావారు కూడా ఒప్పుకున్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడమంటే మాటలు కాదు.

అలాంటిది ఓ రోజు నేను విసిరిన చెంగు వెళ్ళి ఒకావిడ మొహానికి తగిలింది. ఆవిడ కళ్ళజోడు ఎగిరి పక్కావిడ ఒళ్ళో పడింది. అందరం నవ్వుకుని ఊరుకున్నాం. కొన్నాళ్ళకి కాఫీ నోటిదాకా చేరేలోపు సగం చీరల మీద ఒలికిపోవడం మొదలైంది. ఆ తరవాత కాళ్ళు. గల్లాపెట్టె దగ్గరకని బయల్దేరితే కాళ్ళు నన్ను పట్టుచీరల బీరువా దగ్గర దింపేవి. "పంటు మీద గోదారి దాటుతున్నట్టు ఆ నడకేంటే, మనం ఒడ్డునే ఉన్నాం" అనేవారు మావారు. మాట కూడా కాస్త ముద్దగా వచ్చేది. మా పాత కస్టమరొకావిడ బేరమాడే వంకతో దగ్గరకి జరిగి నా నోటి వాసన చూసిందని నాకిప్పటికీ అనుమానం. కార్తీకమాసం పొడుగునా ఉల్లిపాయ కూడా ముట్టని మనిషిని నేను! ఆ రోజు ఆవిడకి ఒక్క రూపాయి తగ్గించలేదు.

కాకినాడలో నరాల డాక్టరమ్మ ఉందంటే వెళ్ళాం. మా అమ్మాయి వయసు ఉంటుంది. ముందు నా ముక్కు ముట్టుకోమంది, తరవాత తన వేలు ముట్టుకోమంది, మళ్ళీ నా ముక్కు. రెండోసారికే నేను ఆవిడ కంట్లో పొడిచినంత పని చేశాను. మడమకి బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమంది. గీత ఒక దారినా నేనొక దారినా పోయాం. స్కానింగులూ రక్తపరీక్షలూ అయ్యాక కూర్చోబెట్టి చెప్పింది. చిన్నమెదడు మెల్లగా అరిగిపోయే జబ్బట. అటాక్సియా అంటారట. ఇప్పటికిప్పుడు ప్రాణానికొచ్చిన భయమేమీ లేదు, అలాగని తగ్గించే మందూ లేదు. వ్యాయామాలు చెయ్యాలి, కింద పడకుండా చూసుకోవాలి.

"ఇంకెవరెవరికుందండీ ఇది?" అని అడిగాను.

"చాలా అరుదు ఆంటీ. నేను ఇక్కడికొచ్చాక చూసిన మొదటి మనిషి మీరే. గోదావరి జిల్లాల్లో ఎంతమందికి ఉందో ఇంతవరకూ ఎవరూ లెక్కపెట్టలేదు."

నాకు ఒళ్ళు మండింది. జబ్బొచ్చినందుకు కాదు, ఆ మాటకి. నేను పుట్టి బుద్ధెరిగాక ఏ డిజైనులోనూ ఒకే ఒక్క చీర తయారైన దాఖలా చూడలేదు. ఒకటి మా కొట్లో ఉందంటే ఇంకోటి ఏ తణుకులోనో భీమవరంలోనో వేలాడుతూ ఉంటుంది. "నాలాంటిది ఇంకొకతి ఎక్కడో ఉండే ఉంటుందండీ. మీరు సరిగ్గా వెతకలేదు" అన్నాను. మావారు నా చెయ్యి గిల్లారు. గిల్లినచోట నల్లగా కమిలింది కూడా.

నిజం చెప్పాలంటే నాకు ఆ రెండో మనిషి అవసరం పడింది. డాక్టరమ్మకి మెదడు గురించి తెలుసు గాని, తలంటు గురించి తెలియదు. ముందుకి వంగి, కళ్ళు మూసుకుని, తల మీద చెంబుతో నీళ్ళు పోసుకుంటే నేలా గోడలూ కలిసిపోయి నేను ఎటు పడతానో నాకే తెలియదు. గుళ్ళో కళ్ళు మూసి దణ్ణం పెట్టుకుంటే ఒరిగిపోతాను. అందుకని దేవుణ్ణి గుడ్లప్పగించి చూస్తూ దణ్ణం పెడుతున్నాను, పూజారిగారు నాకేదో పెద్ద కోరిక ఉందనుకుంటున్నారు. ఇవన్నీ ఇంట్లో చెప్తే "నీకేం కాదు, అన్నీ నీ భ్రమలు" అంటారు. వాళ్ళ ప్రేమ నాకు తెలుసు. కాని ఆ ప్రేమ మధ్యలో కూర్చుని నేను ఒక్కదాన్నే అయిపోయాను. ఇంట్లో ఇంతమంది ఉండగా ఒంటరిదాన్నని చెప్పుకోవడానికి సిగ్గేసేది కూడా.

కొన్నాళ్ళకి డాక్టరమ్మే ఫోను చేసింది. రెండు జిల్లాల్లోనూ ఈ జబ్బు ఎందరికుందో లెక్క తీసే పని వాళ్ళ ఆస్పత్రి మొదలెట్టిందట. ఊరూరా తిరగాలి, ఇల్లిల్లూ అడగాలి. "మీకు తెలిసినవాళ్ళు ఎక్కువ కదా ఆంటీ, ఎక్కడెక్కడ మొదలుపెడితే బాగుంటుందో చెప్తారా?" అంది. చెప్పడమేంటి, కారు ముందు సీట్లో కూర్చున్నాను. కోనసీమలో మా కొట్లో పెళ్ళిపట్టు కొనని కుటుంబం ఉందంటే నేను నమ్మను. తూలుతూ తిరిగి మనిషికి ఏమైనా అయితే ఎవరు బాధ్యులని మావారు గొణిగారు. ఇంట్లో తూలితే ఎవరు బాధ్యులని నేనన్నాను.

మొదటి ఊరు అమలాపురం అవతల. వరి, కొబ్బరి రెండూ ఉన్న రైతు ఇంటికి వెళ్ళాం. పెసరట్లొచ్చాయి, అల్లం పచ్చడొచ్చింది, కాఫీలొచ్చాయి. ఆ తరవాత డాక్టరమ్మ ఇలాంటి జబ్బుండి తూలుతూ నడిచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఇంటాయన కాసేపు ఆలోచించి "ఎందుకుండరండీ! కూర్చోండి, పిలిపిస్తాను" అన్నాడు. నేను అప్పుడే వీధి వైపు తిరిగి కూర్చున్నాను. అరగంటలో వీధరుగు నిండిపోయింది. ఒకాయనకి మోకాళ్ళ నొప్పులు. ఒకావిడకి పొద్దున్నే లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఒక పెద్దాయన రెండేళ్ళ క్రితం కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. ఇంకొకాయన మాత్రం చాలా చక్కగా, అచ్చు పుస్తకంలో రాసినట్టే, ఇటూ అటూ తూలుతూ నడిచొచ్చాడు. డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి. గీత మీద నడవమంటే ఎందుకో ఆ గీత మీద తాడు పట్టినట్టు తిన్నగా నడిచేశాడు.

"ఏంటండి ఇది?" అన్నాను.

"మరేం లేదండి" అన్నాడాయన తల గోక్కుంటూ. "ఇంత ఎండలో కాకినాడనుంచి వచ్చారు. మా ఊళ్ళో ఒక్కళ్ళు కూడా లేరని పంపిస్తే ఏం బాగుంటుందండీ?"

డాక్టరమ్మ కాగితం మీద రాసుకున్నది విసురుగా కొట్టేసింది. నాకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు. చీర లేకపోతే జాకెట్టు ముక్క. నేనెలా తప్పుపట్టను? వాళ్ళ మర్యాదకి ఎక్కడా లోటు రాలేదు, మా లెక్కకే వచ్చింది. తరవాతి ఊళ్ళోనూ అంతే, ఆ తరవాత ఊళ్ళోనూ అంతే. ఒకచోట అయితే పక్కింటివాళ్ళ మామగారిని అడిగి తెచ్చి మరీ కూర్చోబెట్టారు. ఆయనకి తనని ఎందుకు తెచ్చారో తెలియదు. టిఫిను తిని, మాతో ఫొటో దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం కారులో డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఇలా అయితే జిల్లా మొత్తం అటాక్సియానే ఆంటీ. పరీక్ష చేసి తీసేయడానికే నాకు రోజంతా పోతోంది."

అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మడతలో ఉన్న చీరని ఎంత వర్ణించినా ఎవరూ కొనరు. విప్పి, కట్టి చూపించాలి. జబ్బు గురించి అంత వివరం చెప్పడం దేనికి? నేనే వాళ్ళ ముందు నడుస్తాను. ఇదిగో ఇలా నడిచేవాళ్ళని ఎక్కడైనా చూశారా అని అడుగుదాం. ఎవరికీ అర్థం కాకపోవడమంటూ ఉండదు, ఎవరూ మోకాళ్ళ నొప్పిని తేరు. డాక్టరమ్మ మొదట వద్దంది, నా పరువు గురించి ఆలోచించింది పాపం. నాకు పరువు కంటే రెండో మనిషి ముఖ్యమని చెప్పాను.

రాజోలు వైపు ఒక ఊళ్ళో వీధి మధ్యన, జనమంతా అరుగుల మీద నిలబడి చూస్తుండగా నడిచాను. పెళ్ళిలో కూడా నన్ను అంతమంది అంత శ్రద్ధగా చూడలేదు. నా కాళ్ళు కూడా ఆ రోజు ఏ మాత్రం మొహమాట పడకుండా రెండుసార్లు కాలువ వైపు లాక్కెళ్ళాయి. వెనక్కి తిరిగి "చూశారు కదండీ! ఇలా నడిచేవాళ్ళెవరైనా మీకు తెలుసా?" అని అడిగాను.

ఒకావిడ "ఎలా నడిచారండీ? చక్కగానే నడిచారు కదా!" అంది.

"మా అమ్మాయికంటే మీరే నయమండి" అంది ఇంకొకావిడ.

ముక్కుమీద కోపం నాకు. "చూడండీ, దాపరికం వద్దు. నేను వంకరగా నడిచానా లేదా?"

అరుగు మీద కూర్చున్న పెద్దాయన చాలా నొచ్చుకుంటూ, "మీరు తిన్నగానే నడిచారండి. మా వీధే కాస్త వంకర. ఎన్నిసార్లు చెప్పినా పంచాయతీవాళ్ళు పట్టించుకోవట్లేదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నా జబ్బు ఊళ్ళోవాళ్ళకి కనబడకపోవడం కాదు, కనబడినట్టు ఒప్పుకోవడం వాళ్ళ వల్ల కాదు. వీళ్ళ మర్యాదే అడ్డంగా కూర్చుంటే నా రెండో మనిషి ఎప్పటికీ బయటికి రాదని అప్పుడు భయం పట్టుకుంది.

కొట్టుకి వచ్చి మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఇంకో రెండు మూడు ఊళ్ళతో తిరుగుడు అయిపోతుందని, అప్పటికీ ఇంకెవరూ దొరక్కపోతే లెక్కలో నేనొక్కదాన్నే ఉంటానని డాక్టరమ్మ చెప్పింది. మావారికి చెప్పాను. ఆయన గల్లాపెట్టె మూసి, కండువా భుజాన వేసుకుని లేచారు. పరుపు ఆ చివరి నుంచి ఈ చివరికి తూలుకుంటూ నడిచారు. "పోనీ నన్ను రెండోవాణ్ణిగా రాసుకుంటారేమో అడుగు" అన్నారు. అంత దరిద్రంగా తూలే మనిషిని నేనెక్కడా చూడలేదు. నవ్వొచ్చింది, నవ్వుతూ ఉండగానే ఏడుపూ వచ్చింది. ఆయన పక్కన కూర్చున్నారు. ఈసారి భ్రమలని అనలేదు.

చివరగా ఉప్పాడ వెళ్ళాం. ఆ ఊరు నాకు కొత్త కాదు, మా కొట్లో జరీ చీరలు సగం అక్కడివే. జబ్బు లెక్క డాక్టరమ్మ చూసుకుంటుంది, పనిలో పనిగా నేను రెండు మగ్గాల దగ్గర చీరలు చూసుకుని వస్తానన్నాను. ఇంక వీధిలో నడిచి చూపించే ఓపిక నాకు లేదు. రోడ్డుకి ఒకవైపు సముద్రం రాళ్ళ గట్టుని గుద్దుతోంది. ఇంకోవైపు ఎండుచేపల వాసన. డాక్టరమ్మ ఇంటింటికీ తిరుగుతోంది. ఓ అరుగు మీద మగ్గానికి దారం కండెలు చుట్టుకుంటున్న ముసలావిడని అడగడమూ, ఆవిడ మా ఇంట్లో అలాంటి జబ్బులెవరికీ లేవని చెప్పడమూ నేను దూరంనుంచి చూశాను. ఈ ఊళ్ళో కనీసం అబద్ధపు మోకాళ్ళు కూడా దొరకలేదనుకుని, సందు మలుపు తిరిగాను.

చీరలు చూసి, బేరం తెగక, విసుగ్గా వెనక్కి వస్తున్నాను. ఎండ మాడ్చేస్తోంది. గోడ పట్టుకుని నాలుగడుగులు, గోడ లేనిచోట దేవుడి దయ. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు ఖంగుమంది.

"ఒసేయ్! కర్ర లేకుండా బయల్దేరావా మళ్ళీ! బోర్లా పడితే ఈ వయసులో నేను మొయ్యాలా నిన్ను? ఆగక్కడ!"

ఆగాను. నన్నంత మాట అన్నదెవరా అని మెల్లగా తిరిగి చూశాను. అరుగు మీద కండెలు చుట్టిన ముసలావిడ. చేతిలో ఒక కర్ర పట్టుకుని గబగబా వస్తోంది. నా మొహం చూసి ఠక్కున ఆగిపోయింది. "అయ్యో అయ్యో! తప్పయిపోయిందమ్మా, ఏమీ అనుకోకండి. వెనకనుంచి చూసి మా కోడలనుకున్నానండి" అంది.

ఎంత దూరంనుంచైనా, ఎంత గుంపులోనైనా నన్ను నన్నుగా పట్టేసే నడక నాది. ఈవిడ ఆ నడక చూసి నన్ను ఇంకొకరనుకుంది. సన్నటి పట్టుదారం కండెకి చుట్టే మనిషి, కళ్ళు పోయాయని అనడానికి లేదు. "మామ్మగారూ, మీ కోడలు నాలాగే నడుస్తుందా?" అని అడిగాను.

మామ్మగారు నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని తడబడింది. ఇందాక తిట్టేసింది కాబట్టి ఇప్పుడు వీధి వంకరని తప్పించుకునే దారి లేదు. "అచ్చం ఇలాగేనండి" అని ఒప్పుకుంది.

"మరి ఇందాక డాక్టరమ్మ అడిగితే ఎవరూ లేరన్నారేంటి?"

"జబ్బు అని అడిగారండి ఆవిడ. మా కోడలికి జబ్బేంటి? జ్వరం కూడా రాదు. మా పాత ఇల్లు సముద్రం పట్టుకుపోయింది కదండీ, అప్పట్నుంచి దాని కాళ్ళకి నేల మీద నమ్మకం పోయింది. అంతే." చాలా మామూలుగా చెప్పింది. మగ్గం మీద జరీ పువ్వు ఎత్తే పిల్ల, చేతులు కూడా మాట వినక మగ్గం దిగిందట. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం మామ్మగారు కర్రని చీర కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

మామ్మగారి వెంట వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. నాకంటే చాలా చిన్నది. నేను గుమ్మం దాటి లోపలికి నడవడం చూసింది. నేను తలుపు పట్టుకున్నాను, తలుపు నుంచి స్తంభం పట్టుకున్నాను, స్తంభం నుంచి మంచం కోడు. ఆమె నా కాళ్ళ వంకే చూస్తోంది. నమస్కారం లేదు, ఎవరు మీరని లేదు, మంచినీళ్ళు తాగుతారా అని లేదు. మా గోదావరి జిల్లాల్లో ఇంత మర్యాద తప్పిన మనిషిని నేను చూడలేదు.

"మీరు తలంటు ఎలా పోసుకుంటారండీ?" అని అడిగింది.

ఇన్నాళ్ళుగా అడగడానికి నేను దాచుకున్న ప్రశ్న అది. నాకంటే ముందు ఆమె అడిగేసింది. కింద కూలబడి ఏడ్చేశాను. ఆమె కంగారుపడి లేవబోయి నా మీదే తూలింది. ఇద్దరం ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డాం. మామ్మగారు మమ్మల్నిద్దర్నీ తిట్టుకుంటూ లేపుతూ ఉండగా డాక్టరమ్మ వచ్చింది. లెక్క రాసుకోండి, ఇదిగో రెండో మనిషి అని నేను అరిచాను. స్కానింగు కాకుండా రాయకూడదంది ఆవిడ. సరుకు కళ్ళ ముందుండగా రాయకపోవడమేంటని నేను పోట్లాడాను. చివరికి ఆవిడ గెలిచింది, కాని ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

స్కానింగు కాకినాడలో అయింది. అదే జబ్బు. లెక్క రెండయింది. ఆమె పుట్టింటివైపు మేనత్తకి కూడా పిఠాపురంలో అలాగే తూలుడుందని తెలిసి డాక్టరమ్మ మళ్ళీ కారు ఎక్కింది. ఈసారి ఎవరినీ జబ్బుందా అని అడగట్లేదు. తూలుతూ నడిస్తే ఇంట్లో ఎవరెవర్ని తిడుతుంటారని అడుగుతోంది. చాలా చోట్ల నిజం బయటికి వస్తోందట. తిట్లలో మావాళ్ళు మర్యాద పాటించరు.

మొన్న నేను మళ్ళీ ఉప్పాడ వెళ్ళాను, ఈసారి చీరల కోసం కాదు. తలంటు అంటే పీట మీద కూర్చుని, వీపు గోడకి ఆనించి, తడిగుడ్డ కళ్ళకి అడ్డం పెట్టుకుని పోసుకోవాలని ఆమె నాకు నేర్పింది. దేవుణ్ణి గుడ్లప్పగించి చూడాలని నేను ఆమెకి నేర్పాను. తరవాత సముద్రం చూద్దామని ఇద్దరం చేతులు పట్టుకుని బయల్దేరాం. ఆమె ఎడమకి పోతే నేను కుడికి పోతున్నాను, మధ్యలో ఎలాగో తిన్నగా వెళ్తున్నాం. కర్ర అరుగు మీదే ఉండిపోయింది.

"ఒసేయ్, కర్ర!" అని వెనకనుంచి మామ్మగారి గొంతు ఖంగుమంది.

ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం. నా మొహం చూసి కూడా మామ్మగారు ఈసారి తప్పయిపోయిందనలేదు.